వైర్ల బొమ్మలో ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు

బొమ్మలు, వైర్లతో ప్రోగ్రాములు రాసే ల్యాబ్‌వ్యూ నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థికి మొదటి రెండు మూడు వారాలు పండగలా గడుస్తాయి. తెర మీద ఒక బొమ్మ పెడతాడు, పక్కన ఇంకోటి పెడతాడు, రెండిటినీ వైరుతో కలిపి రన్ బాణం నొక్కుతాడు. గ్రాఫు కదలడం మొదలవుతుంది. సి భాషలో ఎక్కడో జారిపోయిన సెమికోలన్ కోసం రాత్రిళ్ళు వెతుక్కున్నవాడికి ఇది ఎంత ఊరటో నాకు తెలుసు. చిక్కు నాలుగో వారంలో వస్తుంది. చేతిలో నిజమైన ప్రాజెక్టు పడుతుంది, దాంతోపాటే ‘దీనికి ఏ ఆర్కిటెక్చర్ వాడాలి?’ అన్న ప్రశ్నా వస్తుంది. స్టేట్ మెషీన్, ప్రొడ్యూసర్ కన్స్యూమర్, క్యూడ్ మెసేజ్ హ్యాండ్లర్, యాక్టర్ ఫ్రేమ్‌వర్క్... పేర్లు వినగానే గుండె జారుతుంది. అన్నిటికంటే పెద్దది నేర్చేసుకుంటే అన్నిటికీ పనికొస్తుందని కొందరు చివరిదాన్ని పట్టుకుంటారు. ఇవేవీ వద్దని ఇంకొందరు ఒకే లూపులో ఇరవై పనులు కుక్కేస్తారు. ఇద్దరూ నెల తిరక్కుండా అలసిపోతారు.

ఈ పేర్ల వెనకున్న ఒకే ఒక్క ప్రశ్నను ముందుగా పట్టుకుంటే ఎంపిక చాలా తేలికవుతుందని నా నమ్మకం. ఆ ప్రశ్న ఇది: ఈ ప్రోగ్రాములో ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు? దాన్ని అర్థం చేసుకోవాలంటే డేటాఫ్లో అంటే ఏమిటో కాస్త నిదానంగా చూడాలి.

పులిహోర చేసే ఇంటిని తలుచుకోండి. ఒక పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది, రెండో పొయ్యి మీద చింతపండు పులుసు దగ్గరపడుతుంటుంది. వీటిలో ఏది ముందు దిగాలో ఎవరూ చెప్పరు, చెప్పనక్కర్లేదు కూడా. కలపడం మాత్రం అన్నం ఆరి, పులుసు సిద్ధమయ్యాకే జరుగుతుంది. రెండిట్లో ఒక్కటి ఆలస్యమైనా కలిపే చెయ్యి ఆగాల్సిందే. డేటాఫ్లో అంటే ఇంతే. తనకు కావలసిన సరుకులన్నీ వైర్ల మీదుగా చేరాకే ప్రతి నోడూ, అంటే వైర్లతో కలిపిన ఒక్కో చిన్న బొమ్మా, పని మొదలుపెడుతుంది, పని పూర్తయ్యాకే ఫలితాన్ని బయటికి పంపుతుంది. సి భాషలో అయితే వంట చీటీ ఉంటుంది, పై వరుస తర్వాతే కింది వరుస. ఇక్కడ చీటీ లేదు, సరుకుల రాకే వరుసను తేలుస్తుంది.

కొత్తవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. బొమ్మలో పైనున్న నోడు ముందు, కిందున్నది తర్వాత నడుస్తుందనుకుంటారు, లేదా ఎడమ నుంచి కుడికనుకుంటారు. అలాంటి నియమమేమీ లేదు. ఇద్దరి మధ్య వైరు లేకపోతే ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పలేం. ఫలానా పని తర్వాతే ఫలానా పని జరగాలనుకుంటే రెండిటి గుండా ఒకే ఎర్రర్ వైరును గుచ్చుకుంటూ వెళ్ళాలి. పూలదండలో దారంలాంటిది అది. తప్పు ఎక్కడ జరిగినా కిందికి మోసుకెళ్తుంది, దారిలో వరుసనూ నిలబెడుతుంది.

ఈ ఆలోచన ల్యాబ్‌వ్యూతో పుట్టింది కాదు. గీసిన బొమ్మలతో కంప్యూటరుకు పని చెప్పడం గురించి బెర్ట్ సదర్లాండ్ 1966లో ఎంఐటీలో సిద్ధాంత గ్రంథం రాశాడు. 1970లలో అక్కడే జాక్ డెన్నిస్ డేటాఫ్లో సిద్ధాంతం మీద పనిచేశాడు. దాన్ని ప్రయోగశాల బల్ల మీదికి తెచ్చింది టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరపు సంస్థ నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్. 1976లో దాన్ని స్థాపించిన ముగ్గురిలో ఒకడైన జెఫ్ కొడోస్కీయే ల్యాబ్‌వ్యూకు రూపమిచ్చాడు. 1986లో తొలి వెర్షన్ మెకింటాష్ కంప్యూటరు మీద వచ్చింది. వట్టి డేటాఫ్లో బొమ్మల్లో ఒక ఇబ్బంది ఉండేది. ఒక పనిని పదేపదే చేయించాలంటే వైరును వెనక్కి తిప్పి తెచ్చి కలపాలి, బొమ్మంతా దారపుండలా చిక్కుపడేది. కొడోస్కీ లూపును ఒక పెట్టెగా గీశాడు. పెట్టె లోపలున్నదంతా ఒక చుట్టు, అది ముగిశాక మళ్ళీ ఇంకో చుట్టు. మనం ఇప్పుడు మాట్లాడుకునే ఆర్కిటెక్చర్లన్నీ ఆ పెట్టె చుట్టూ అల్లుకున్నవే. 2023లో ఆ సంస్థను ఎమర్సన్ కొనుక్కుంది. వ్యక్తిగత, వాణిజ్యేతర అవసరాలకు ఉచితంగా వాడుకునే కమ్యూనిటీ ఎడిషన్ 2020లో వచ్చింది. ఇంట్లో నేర్చుకునేవారు దాంతోనే మొదలుపెట్టవచ్చు.

ఆ లూపు పెట్టెకు రెండు నియమాలున్నాయి. రెండూ డేటాఫ్లో నుంచి సహజంగా వచ్చినవే. పెట్టె కూడా ఒక నోడే కాబట్టి బయటి నుంచి దానిలోకి వచ్చే సరుకులన్నీ చేరాకే తిరగడం మొదలవుతుంది. లోపలున్న ప్రతి నోడూ పని ముగించాకే తర్వాతి చుట్టు మొదలవుతుంది. మొదటి నియమం తెలియనివాడు స్టాప్ బటన్‌ను లూపు బయట పెట్టి వైరును లోపలికి లాగుతాడు. లూపు మొదలయ్యే ముందు బటన్ విలువను ఒక్కసారే చదువుతుంది, ఆ విలువే చివరిదాకా ఉంటుంది, తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఆగదు. విద్యార్థి చేత ఈ తప్పును కావాలనే ఒకసారి చేయించాలంటాను. పది పేజీల పాఠం కంటే ఆగని ఆ లూపు బాగా నేర్పుతుంది. రెండో నియమం ఇంకా ముఖ్యం. లూపులో ఒక్క నోడు నెమ్మదిస్తే లోపలున్న పనులన్నీ దాని కోసం ఆగుతాయి. ఆర్కిటెక్చర్ ఎంచుకోవడమంటే ఆ ఆగడాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవడమే.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. ప్రయోగశాలలో వేడినీళ్ళ తొట్టి ఉంది. అందులో ఒక హీటరు, ఉష్ణోగ్రత కొలిచే ఒక థర్మోకపుల్ ఉన్నాయి. నీళ్ళను 60 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, 20 నిమిషాలు అక్కడే ఉంచి, తర్వాత చల్లార్చాలి. జరిగినదంతా ఫైల్లో రాయాలి.

ముందు ఉష్ణోగ్రత చదివి గ్రాఫు గీయడం వరకే అనుకుందాం. దీనికి ఒక వైల్ లూపు, అందులో చదివే నోడు, గ్రాఫు, అరసెకను ఆగమనే వెయిట్ నోడు, స్టాప్ బటన్ చాలు. ఆ వెయిట్ పెట్టకపోతే, చదివే పరికరం తానుగా ఆపితే తప్ప, లూపు ఊపిరి తీసుకోకుండా తిరిగి ప్రాసెసరును మింగేస్తుంది. పని ఇంతవరకే అయితే ఇక్కడే ఆగిపోండి. ఒక్క లూపు ప్రోగ్రాము రాశానని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు, దీనికి పెద్ద పేర్లేవీ అవసరం లేదు.

ఇప్పుడు మిగతా పని చేరుద్దాం. వేడి చెయ్యి, పట్టి ఉంచు, చల్లార్చు. సి నుంచి వచ్చినవాడి చెయ్యి వెంటనే సీక్వెన్స్ స్ట్రక్చర్ వైపు వెళ్తుంది. సినిమా రీలులా గదులుంటాయి, మొదటిది అయ్యాక రెండోది, తర్వాత మూడోది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. రెండో గదిలో 20 నిమిషాల వెయిట్ పెడతాడు. ఐదో నిమిషంలో తొట్టిలో నీళ్ళు కారడం మొదలైతే ఏం చేస్తాడు? స్టాప్ నొక్కుతాడు, ఎవరూ వినరు. ఆ గదిలోకి వెళ్ళిన ప్రోగ్రాము గది ముగిసేదాకా బయటికి రాలేదు. ఇలాంటి తొట్టి పక్కన చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చిన రోజు నాకూ ఉంది. చివరికి ప్లగ్గు పీకాం. సీక్వెన్స్ స్ట్రక్చర్ అంటే అప్పటి నుంచీ నాకు భయం. ఎక్కడైనా ఒకటి రెండు గదులు అవసరమైతే సరే గాని, ప్రోగ్రాము మొత్తానికి అది వెన్నెముక కాకూడదు.

ఈ పనికి తగినది స్టేట్ మెషీన్. మూడు వస్తువులతో అవుతుంది: ఒక వైల్ లూపు, దాని లోపల ఒక కేస్ స్ట్రక్చర్, తర్వాత ఏ దశకు వెళ్ళాలో ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు మోసుకెళ్ళే షిఫ్ట్ రిజిస్టర్. దశల పేర్లను ఎనమ్‌గా, అంటే పేర్ల జాబితాగా, పెట్టుకోవాలి. సిద్ధం, వేడి, పట్టు, చల్లార్పు, లోపం, ముగింపు. ప్రతి చుట్టులోనూ కేస్ స్ట్రక్చర్ ఒక్క దశ పనే చేస్తుంది, చేశాక తర్వాతి దశ పేరు చెప్తుంది. ‘వేడి’ దశలో ఉష్ణోగ్రత 60 దాటిందా? దాటితే ‘పట్టు’, లేకపోతే మళ్ళీ ‘వేడి’. స్టాప్ నొక్కారా? ‘ముగింపు’. థర్మోకపుల్ వైరు తెగి అర్థంలేని అంకె వచ్చిందా? ‘లోపం’, వెంటనే హీటరు ఆపు.

ఇక్కడ ఒక్క మెళకువ ఉంది. అది తెలియకపోతే స్టేట్ మెషీన్ కూడా పాత సీక్వెన్సే అయిపోతుంది. ‘పట్టు’ దశలో 20 నిమిషాల వెయిట్ పెట్టకూడదు. దశలోకి వచ్చినప్పటి సమయాన్ని ఇంకో షిఫ్ట్ రిజిస్టర్‌లో దాచుకుని, ప్రతి చుట్టులోనూ గడియారం చూసి, 20 నిమిషాలు దాటిందా అని అడగాలి. దాటకపోతే అరసెకను తర్వాత మళ్ళీ ఇదే దశలోకి రావాలి. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని నిద్రపోవడం వేరు, అరసెకనుకోసారి గుమ్మంలోకి వచ్చి చూసిపోవడం వేరు. రెండో పద్ధతిలో స్టాప్ బటనూ వింటుంది, ఉష్ణోగ్రతా చదువుతుంది, లోపం వస్తే వెంటనే దారి మార్చుకుంటుంది. ఏ దశలోనూ లూపు ఒక సెకను కంటే ఎక్కువ ఆగకూడదని మీకు మీరే ఒక హద్దు గీసుకోండి.

ఎనమ్‌ను టైప్ డెఫినిషన్‌గా సేవ్ చేసుకోవాలన్నది కూడా ఈ దశలోనే అలవాటు కావాలి. రేపు ‘కలియబెట్టు’ అనే దశ చేర్చాలనిపిస్తే ఒక్కచోట మారిస్తే ప్రోగ్రామంతా మారుతుంది. అలా చేయనివాడు పదిహేను చోట్ల చేత్తో మార్చి, పదహారోది మరిచిపోతాడు.

నేర్చుకునేవారిలో చాలామందికి స్టేట్ మెషీన్ చాలా కాలం సరిపోతుంది. ల్యాబ్‌వ్యూ డెవలపర్ సర్టిఫికెట్ పరీక్షకు నమూనాగా వచ్చిన ప్రశ్నల్లో కార్లు కడిగే యంత్రం, ఏటీఎం, ట్రాఫిక్ లైటు వంటివి ఉన్నాయి. మూడూ దశల్లో నడిచేవే. కాగితం మీద గుండ్రాలు గీసి, వాటి మధ్య బాణాలు వేసి, ప్రతి బాణం మీదా ‘ఎప్పుడు’ అని రాయగలిగితే ప్రోగ్రాము సగం పూర్తయినట్టే. ఆ కాగితం గీయకుండా మౌస్ పట్టుకోవద్దు.

సరే, స్టేట్ మెషీన్ ఎప్పుడు చాలదు? వేగాలు వేర్వేరుగా ఉన్న పనులు ఒకే లూపులో ఇరుక్కున్నప్పుడు. తొట్టికి తెర మీద పది బటన్లున్నాయనుకోండి. నొక్కారా నొక్కారా అని ప్రతి చుట్టులోనూ అడుగుతూ ఉండకుండా, నొక్కినప్పుడే లేపమని చెప్పే ఈవెంట్ స్ట్రక్చర్ ఉంది. ఎవరైనా బటన్ ముట్టేదాకా అది ప్రాసెసరును వాడకుండా కాచుకుని ఉంటుంది. చాలా మంచి సాధనం. కానీ కొత్తవాళ్ళు ‘నివేదిక తయారుచెయ్యి’ బటన్ కేసులోనే నివేదిక పనంతా పెడతారు. అది పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లూ తెర బిగుసుకుపోతుంది, ఎందుకంటే ఈవెంట్ కేసు ముగిసేదాకా ప్యానెల్‌ను కదలనివ్వకపోవడం దాని సహజ అమరిక. వాడేవాడు బటన్‌ను ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు నొక్కుతాడు. ఆ నొక్కుళ్ళన్నీ వరుసలో చేరి, తర్వాత ఒకదాని వెంట ఒకటి అమలవుతాయి.

దీనికి మందు ఏ టిఫిన్ సెంటర్లోనైనా కనిపిస్తుంది. కౌంటరు దగ్గర మనిషి ఆర్డరు తీసుకుని, చీటీ లోపలికి పంపి, వెంటనే తర్వాతి మనిషి వైపు తిరుగుతాడు. లోపల దోసె మాస్టరు ఒక్కో చీటీ తీసుకుని దోసె పోస్తుంటాడు. చీటీ లేకపోతే ఊరకే నిలబడతాడు. ఒక్కడే ఆర్డరూ తీసుకుని దోసే పోస్తే వరస వీధిలోకి వస్తుంది. ప్రొడ్యూసర్ కన్స్యూమర్ అంటే ఇదే ఏర్పాటు. ఒక లూపు బటన్లు విని క్యూలో చీటీ వేస్తుంది, రెండో లూపు క్యూ నుంచి చీటీ తీసి పని చేస్తుంది. ఇప్పుడు ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారో చూడండి. వినే లూపు మనిషి కోసం ఆగుతుంది, పనిచేసే లూపు చీటీ కోసం ఆగుతుంది. పని కోసం వినేవాడు ఆగడం లేదు.

మన తొట్టిలో ఉష్ణోగ్రత చదవడానికీ ఫైల్లో రాయడానికీ మధ్య కూడా ఇదే ఏర్పాటు పెట్టవచ్చు. నెట్‌వర్క్ డ్రైవ్ ఒక్కోసారి రెండు సెకన్లు మొరాయించినా చదవడం ఆగదు, చదివిన అంకెలు క్యూలో భద్రంగా ఉంటాయి. అయితే లెక్క చూసుకోవాలి. సెకనుకు 10 అంకెలు వేసే లూపు ఉండి, 8 మాత్రమే రాయగల లూపు ఉంటే, సెకనుకు 2 మిగులుతాయి, గంటకు 7,200. క్యూ ఎప్పటికీ ఖాళీ కాదు, మెమరీ పెరుగుతూనే ఉంటుంది. క్యూ తాత్కాలికమైన ఆలస్యాన్ని మోస్తుంది గాని శాశ్వతమైన లోటును మోయలేదు. అలాగే ప్రతి అంకే కావాలంటే క్యూ, తాజా అంకె ఒక్కటి చాలంటే నోటిఫయర్. ఫైలుకు మొదటిది, తెర మీద పెద్ద అక్షరాల ఉష్ణోగ్రతకు రెండోది.

రెండు లూపులు రాగానే లోకల్ వేరియబుల్స్ వాడాలనే కోరిక పుడుతుంది. వైరు లాగకుండానే ఎక్కడి విలువనైనా ఎక్కడైనా చదవచ్చు, రాయచ్చు. చాలా సుఖంగా ఉంటుంది. కానీ వైరు పోయిందంటే వరుస కూడా పోయిందని గుర్తుంచుకోవాలి. కొట్లో ఒకే ఖాతా పుస్తకం మీద ఇద్దరు అన్నదమ్ములు రాస్తున్నారనుకుందాం. పుస్తకంలో 500 ఉంది. పెద్దవాడు 500 చూసి మనసులో 100 కలుపుకున్నాడు. ఈలోగా చిన్నవాడు కూడా ఆ 500 చూసి 50 కలిపి 550 రాశాడు. తర్వాత పెద్దవాడు 600 రాశాడు. చిన్నవాడి 50 ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. దీన్నే రేస్ కండిషన్ అంటారు. పగలంతా బాగా నడిచి రాత్రి తప్పే ప్రోగ్రాముల వెనక నేను ఎక్కువసార్లు చూసింది ఇదే. వెతికి పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు అది జరగదు. ఒక విలువను ఒక్కరే రాయాలి, ఎందరైనా చదవచ్చు అన్న కట్టుబాటు పెట్టుకుంటే చాలా వరకు తప్పించుకోవచ్చు. స్టాప్ బటన్ విషయంలో ల్యాబ్‌వ్యూనే అడ్డుపడుతుంది. నొక్కి వదిలాక తానుగా వెనక్కి వెళ్ళే లాచ్ రకం బటన్‌కు లోకల్ వేరియబుల్ పెడితే రన్ బాణం విరిగినట్టు కనిపిస్తుంది, ప్రోగ్రాము నడవదు.

క్యూడ్ మెసేజ్ హ్యాండ్లర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చీటీలో ఏం చెయ్యాలన్న పేరూ, దానికి కావలసిన సమాచారమూ రెండూ ఉండి, పనిచేసే లూపు ఆ పేరును బట్టి కేసు ఎంచుకుంటే అదే క్యూడ్ మెసేజ్ హ్యాండ్లర్. ప్రొడ్యూసర్ కన్స్యూమర్‌నూ కేస్ స్ట్రక్చర్‌నూ అర్థం చేసుకున్నవాడికి కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే. ల్యాబ్‌వ్యూ 2012 నుంచి కొత్త ప్రాజెక్టు తెరిచేచోట దీని నమూనా సిద్ధంగా ఉంటుంది, స్టేట్ మెషీన్ నమూనా కూడా పక్కనే ఉంటుంది. తెరిచి, లైట్ బల్బు గుర్తు నొక్కి, వైర్ల మీద డేటా నెమ్మదిగా నడవడం చూడండి.

యాక్టర్ ఫ్రేమ్‌వర్క్ కూడా ఆ 2012 వెర్షన్‌తోనే వచ్చింది. ఇందులో ప్రతి భాగమూ తన చీటీల పెట్టె తనే పెట్టుకుని, మిగతా భాగాలకు చీటీలు పంపుతూ బతుకుతుంది. క్లాసులు, వారసత్వం తెలియాలి. ఇరవై తొట్లను ఒకేసారి నడపాలి, అవి నడుస్తుండగానే కొత్తవి చేరాలి, కొన్ని పోవాలి, ప్రోగ్రామును ఐదుగురు కలిసి రాయాలి అన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఒక్క తొట్టికి దాన్ని తెస్తే, తప్పు ఎక్కడుందో వెతకడానికే రోజులు పడతాయి. డెలాకోర్ రూపొందించిన డీక్యూఎంహెచ్ వంటి సిద్ధమైన చట్రాలు మధ్యలో ఉన్నాయి. జట్టులో అందరూ ఒకదాన్నే వాడుతుంటే మీరూ దాన్నే వాడండి. ఒంటరిగా నేర్చుకుంటున్నప్పుడు మాత్రం ముందు క్యూను మీ చేత్తో మీరే కట్టండి. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా చట్రం ఎక్కితే, అది మొరాయించిన రోజు ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియదు.

ఏ నిర్మాణం ఎంచుకున్నా దాన్ని పరీక్షించాల్సింది ఆపేటప్పుడు. మొదలుపెట్టడం అందరికీ వస్తుంది. మన తొట్టి ప్రోగ్రాములో స్టాప్ నొక్కగానే వినే లూపు ముగుస్తుంది. పనిచేసే లూపు ఇంకా క్యూ దగ్గర చీటీ కోసం నిలబడి ఉంటుంది. చీటీ రాదు, అది కదలదు, ప్రోగ్రాము ఎప్పటికీ ముగియదు. కొందరు వినే లూపు చివర క్యూను విడుదల చేసేస్తారు. నిలబడి ఉన్నవాడి కాళ్ళ కింద నేల లాగేసినట్టు 1122 నంబరు ఎర్రర్ వస్తుంది, లూపు ఆగుతుంది. ఆగుతుంది గాని అప్పటికి క్యూలో మిగిలిన చీటీలు చెల్లాచెదురవుతాయి, ఆఖరి కొలతలు ఫైలుకు చేరవు. దానికంటే ‘ముగింపు’ అనే చీటీ వేయడం మేలు. పనిచేసే లూపు ముందున్న చీటీలన్నీ పూర్తిచేసి, ఆ చీటీ అందుకుని, ఫైలు మూసి తానుగా బయటికి వస్తుంది. క్యూను ఆ తర్వాతే విడుదల చేయాలి. ఆ క్రమం చెడకుండా ఉండాలంటే రెండు లూపుల నుంచి వచ్చే ఎర్రర్ వైర్లూ ఆ విడుదల నోడు దగ్గర కలవాలి. పులిహోర కలిపే చెయ్యి రెండు పొయ్యిల కోసం ఆగినట్టు, ఆ నోడు రెండు లూపుల కోసం ఆగుతుంది.

హీటరు సంగతి మాత్రం వేరు. దాన్ని ఆపే ఆదేశం ఈ వరుసలో చివర ఉండకూడదు. ముందున్న చీటీలు అయ్యేదాకా హీటరు కాచుకోలేదు, కాబట్టి స్టాప్ నొక్కిన చుట్టులోనే అది ఆగాలి. ఎర్రర్ వచ్చినా ఆగాలి. ల్యాబ్‌వ్యూ నోడుల్లో చాలావాటికి ఎర్రర్ లోపలికి వస్తే తమ పని మానేసే అలవాటు ఉంది, అందుకే హీటరు ఆపే నోడుకు ఆ ఎర్రర్‌ను అందించకుండా, వేరుగా ఖాళీ ఎర్రర్ వైరుతో పిలవాలి. విండోస్ బిగుసుకుపోతే ఇవేవీ పనిచేయవు. హీటరుకు వెళ్ళే కరెంటు తీగలోనే, కంప్యూటరుతో సంబంధం లేకుండా, 70 డిగ్రీలకు తెగే థర్మోస్టాట్ ఒకటి పెట్టించండి. ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టే ముందే పెట్టించండి.